మట్టి మెత్తబడిన చోట

పోయిన నెల మా తవ్వకాల కోర్సు వాట్సాప్ గ్రూపులో ఆవిడ గురించి రెండు మాటలు తిరిగాయి. ఒకటి, ఆవిడ పోయారని. అది నిజం. కరోనా కాదు, గుండె. రెండోది, పాపం చివర్లో కళ్ళు సరిగా ఆనక లేని గుంతలు ఉన్నాయనేవారని, అయినా మంచి మనిషని. అది అబద్ధం. ఎవరో చెప్పిన చాడీ అయితే ఊరుకునేవాణ్ణి. ఆ అబద్ధం నా నోటి నుంచి బయలుదేరింది కాబట్టి ఊరుకోవడానికి వీల్లేదు.

ఆవిడ జీవితచరిత్ర నాకు తెలియదు. ప్రభుత్వ పురావస్తు శాఖలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యారని, సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గర ఉంటారని, తండ్రి కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడని మాత్రం తెలుసు. నేను చూసిన ఆవిడ ఒక్క శీతాకాలానిది.

అది మొదటి లాక్‌డౌన్ ముగిసి, రెండో అల ఇంకా రాని శీతాకాలం. సూరత్ పక్కన హజీరాలో మా ఆఫీసు సగం మందిని ఒక వారం, మిగతా సగాన్ని మరో వారం రమ్మనేది. ఖాళీ వారాల్లో ఇంట్లో కూర్చుని ఫోనులో చావు వార్తలు చదవడం నా పని. అప్పుడు ఒక కాలేజీవాళ్ళు తాపీ నది ఎగువన ఒక పాత దిబ్బ మీద విద్యార్థులకు తవ్వకాల కోర్సు పెట్టారు. పిల్లలు చాలక బయటివాళ్ళనూ చేర్చుకున్నారు. యాభైకి దగ్గరపడిన నేను ఇరవై ఏళ్ళ పిల్లల మధ్య మాస్కు కట్టుకుని చేరాను. కోర్సుకు పెద్ద ఆ కాలేజీ ప్రొఫెసర్ గారు. గుంటలో దిగి పని నేర్పేది ఆవిడ.

పొద్దున్నే పర్వత్ పాటియాలో వ్యాను ఎక్కేవాళ్ళం. ఆవిడ చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా వేసుకుని, కాన్వాసు బూట్లతో, పట్టీ తెగిన గొడుగుతో అందరికంటే ముందే నిలబడి ఉండేవారు. గుజరాతీ పిల్లలు ఆవిడను బెన్, అంటే అక్కా, అనేవారు. తెలుగువాళ్ళం ఇద్దరమే. నేను, రవళి. రవళి నాన్న పవర్‌లూమ్‌లో చేస్తాడు, ఆ పిల్ల అక్కడే పుట్టి పెరిగింది. ఒక వాక్యాన్ని తెలుగులో మొదలుపెట్టి హిందీలో నడిపి గుజరాతీలో ముగించేది.

మొదటి వారం ఎవరినీ తవ్వనివ్వలేదు. చదరంగా గీసిన గుంటను, దాన్ని అందరూ ట్రెంచ్ అనేవారు, చిమ్మడం, గీకడం, మళ్ళీ చిమ్మడం. నా చేతిలో తాపీ చూసి ఆవిడ చాలాసేపు నవ్వారు.

"ఏంది సార్, గిట్ల పట్టుకుంటరా? గోడకు సున్నం కొడుతున్నరా, మట్టి తీస్తున్నరా?"

"ఎలా పట్టుకోవాలండి?"

"అన్నం కలిపే చెయ్యితోని పట్టుకోండ్రి. ఆఫీసుల సంతకం పెట్టే చెయ్యి ఈడ పనికిరాదు."

"రెండూ ఒకటే చెయ్యి కదండీ."

"గదే కష్టం మీతోని."

అంచు మీద ఎవరు కాలు వేసినా ఆవిడకు తెలిసిపోయేది. వెనక్కి తిరక్కుండానే "అంచు" అనేవారు. అంతే, ఒక్క మాట. అరుపు కాదు. కొన్నాళ్ళకు మేము కాలేజీ మెట్ల మీద, మా ఇంటి గడప మీద కూడా ఆ మాట వినపడినట్టు ఒక్క క్షణం ఆగేవాళ్ళం.

మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు అందరం నది వైపు తిరిగి కూర్చునేవాళ్ళం. గాలి వచ్చేది, అవతలి ఒడ్డున మిల్లు పొగగొట్టాలు కనిపించేవి. ఆవిడ మాత్రం నదికి వీపు పెట్టి, ట్రెంచ్ గోడకు ఎదురుగా కూర్చుని రొట్టె తినేవారు. పొరలు పొరలుగా ఉన్న ఆ గోడనే చూస్తూ.

"మేడం సీరియల్ చూస్తున్నరు," అంది రవళి ఒకరోజు.

"అవు బిడ్డా. ఇయ్యాల ఎపిసోడ్‌ల ఏం కాలే," అన్నారావిడ, గోడ మీంచి చూపు తిప్పకుండా.

ఇంకో అలవాటు మమ్మల్ని భయపెట్టేది. చేతికి చిన్న ముక్క దొరికితే అది ఎముకో రాయో తేల్చడానికి మాస్కు కిందికి లాగి, నాలుక కొసకు ఆనించేవారు. ఎముక అయితే నాలుకను పట్టుకుంటుంది, రాయి పట్టుకోదు. చేతులు గంటకోసారి శానిటైజర్‌తో తడుపుకునే రోజులవి. రవళి కెవ్వుమన్నంత పని చేసింది.

"మేడం, కరోనా హై. నాలుకకు పెట్టకుండ్రి."

"దీనికి ఏ రోగముండెనో అది ఎన్నడో సచ్చిపోయింది. మీరు మాత్రం చెయ్యకుండ్రి. మీ అమ్మానాయినలు వచ్చి నన్ను తంతరు."

ఆవిడ నేర్పినవాటిలో రెండు మాటలు ఈ కథకు కావాలి.

మొదటిది రఫు. బట్టకు పడ్డ చిల్లిని కనపడకుండా దారంతో అల్లి పూడ్చడం. సూరత్‌లో దాని సంగతి తెలియనివాళ్ళుండరు. ఆవిడ ఒకరోజు తన చొక్కా చెయ్యి చాచి మాకు చూపించారు. "ఈడ రఫు ఉన్నది. కనబడుతదా?" ఎవరికీ కనపడలేదు. "కండ్లు మూసుకుని బొటనేలు జరుపుండ్రి." జరిపితే దొరికింది. మోచేతి దగ్గర, పావలా బిళ్ళంత.

"భూమిల గూడ గంతే. పాత రోజుల్ల ఎవడో గుంత తవ్విండు, మళ్ళ పూడ్చిండు. రంగు కలిసిపోతది. కానీ పూడ్చిన మట్టి ఎన్నేండ్లయినా మొదటి మట్టి లెక్క గట్టిపడది. తాపీ కింద మట్టి మెత్తబడ్డదా, చెయ్యి ఆపు. నన్ను పిలువు. ఎందుకంటె గుంతల ఉన్న సామాను పైనుంచి పడ్డది. దాన్ని అడుగు సామానుల కలిపినవనుకో, మనుమణ్ణి తీస్కపోయి తాతకు తాతను చేసినట్టు."

రెండోది తవ్వినవాడి మాట. ఏదైనా పేచీ వస్తే ఫోటో చూస్తారు, గోడ చూస్తారు, కొలతలు చూస్తారు. అవేవీ తేల్చకపోతే తవ్వినవాణ్ణి అడుగుతారు. "చేతికి ఎట్ల తాకిందో ఆడు చెప్పాలె. ఇంకెవ్వడు చెప్పలేడు. తవ్వినోని మాటే ఆఖరు మాట. నేను ఎదురుమాట్లాడ," అనేవారు. ముప్ఫై ఏళ్ళు ఆ నియమంతోనే పనిచేశానని చెప్పారు.

ఆవిడకు కళ్ళలో శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ లాక్‌డౌన్‌కు ముందే జరగాల్సింది. ఆసుపత్రులన్నీ కరోనా వార్డులు కావడంతో వాయిదా పడుతూ వచ్చింది. ఫిబ్రవరిలో ఒకరోజు రమ్మని కబురొస్తే వెళ్ళారు. కోర్సు మొత్తంలో ఆవిడ ట్రెంచ్ దగ్గర లేనిది ఆ ఒక్కరోజే.

ఆ రోజు నేను ఉత్తరపు గోడ వారగా అడుగున కూర్చుని పనిచేస్తున్నాను. నేను గీకిన మట్టిని రవళి తట్టకెత్తి పైకి అందిస్తోంది. మధ్యాహ్నం దాటాక తాపీ ఉన్నట్టుండి సులువుగా కదలడం మొదలైంది. పొద్దుటి నుంచి పెనానికి అంటుకున్న అట్టును గోకినట్టున్న పని, పెరుగన్నంలో గరిటె దిగినట్టయింది. నియమం గుర్తులేదని చెబితే తప్పు. గుర్తుంది. ఇంకాస్త తీసి, రేపు ఆవిడ వచ్చాక చెబుదామనుకున్నాను. ఆ ఇంకాస్తలో ఎర్రగా పూస బయటపడింది. అకీకు రాతి పూస, మీద తెల్లని గీతలు.

తర్వాత జరిగిందంతా చాలా త్వరగా జరిగింది. ప్రొఫెసర్ గారు డేరాలోంచి వచ్చారు. అంత అడుగున అలాంటి పూస ఉందంటే ఆ ఊరు పుట్టిన నాడే అక్కడ పూసల వ్యాపారం ఉన్నట్టేనని, మనం అనుకున్నదానికంటే అది చాలా పాత రేవని అన్నారు. ఫోటోలో పొరలు బాగా కనపడాలని గోడ మీద నీళ్ళు చల్లించారు. అది మామూలుగా చేసే పనే. ఎవరో విలేకరిని పిలిచారు. మర్నాడు స్థానిక గుజరాతీ పేపర్లో నా ఫోటో వచ్చింది. మాస్కు గడ్డం మీదికి జారి ఉంది, అరచేతిలో పూస.

ఆ నెలల్లో ఊరి నుంచి ఫోన్ వస్తే ఎవరు పోయారో అని ఎత్తేవాళ్ళం. ఆ రోజు మాత్రం మా అన్నయ్య, మేనత్త, పదేళ్ళుగా మాట్లాడని తోడల్లుడు వరసగా ఫోన్ చేసి నవ్వారు. మా ఆవిడ ఆ పేపరు ముక్కను షోకేసు అద్దం లోపల పెట్టింది. ఇది సాకుగా చెప్పడం లేదు. ఆ రోజు మా ఇల్లు ఎలా ఉందో చెబుతున్నాను.

పేపరు వచ్చిన ఆ పొద్దున్నే ఆవిడ ట్రెంచ్ దగ్గరికి వచ్చారు. "మళ్ళ రమ్మన్నరు," అన్నారు, ఆపరేషన్ గురించి అడిగితే. పూసను చేతిలోకి తీసుకుని, బాగుంది అని తలూపి, ఎక్కడ వచ్చిందో చూపించమన్నారు. చూపించాను. ఆవిడ ఆ చోటికి పైన ఉన్న గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. కళ్ళు మూసుకుని, బొటనవేలు పైనుంచి కిందికి నెమ్మదిగా జరిపారు. జానెడు పక్కకు వచ్చి మళ్ళీ జరిపారు. తాపీ తిరగేసి దాని పిడితో గోడను తట్టి చెవి పెట్టి విన్నారు. అందరం పైన నిలబడి చూస్తున్నాం.

"ఇక్కడ గుంత ఉంది. పైపొర నుంచి అడుగు దాకా. పూస అందులోంచి వచ్చింది," అన్నారు హిందీలో.

ప్రొఫెసర్ గారు చెడ్డవారు కారు. కిందికి దిగి తానూ వేలు పెట్టి చూశారు. "మెత్తగానే ఉంది, బెన్. కానీ నిన్న నీళ్ళు చల్లాం. తడిసిన గోడ మెత్తగా కాక ఎలా ఉంటుంది? రంగులో తేడా చూపించండి."

"రంగులో లేదు సార్. వేలికి తెలుస్తోంది."

"మీ కళ్ళ ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా చూద్దాం." ఆయన మామూలుగానే అన్నారు. పైన ఎవరో కుర్రాడు కిసుక్కున నవ్వాడు.

నీళ్ళు చల్లిన గోడ ఇక సాక్ష్యం చెప్పదు. మిగిలింది తవ్వినవాడి మాట. ఆవిడ నా వైపు తిరిగారు. అప్పటిదాకా హిందీలో నడుస్తున్న మాటను తెలుగులోకి మార్చారు.

"సార్, జర యాద్ చేసుకోండ్రి. నిన్న మీ తాపీ కింద మట్టి మెత్తగ తాకిందా? తాకితె తాకిందనుండ్రి. తప్పేం లేదు. మిగిలింది ఆయనకు నేను చెప్పుకుంట."

అది ఆవిడ నాకు తెరిచిన దొడ్డిదారి. నేను తెలుగులో ఒక్క అవును అంటే చాలు. దాన్ని ప్రొఫెసర్ గారికి ఎలా చెప్పాలో, నన్ను ఎలా కాపాడాలో ఆవిడే చూసుకునేవారు. పేపర్లో పడ్డ మనిషి పరువు ఎక్కడుందో ఆవిడకు తెలుసు.

నేను హిందీలో జవాబిచ్చాను. అందరికీ వినపడేలా.

"నహీ మేడం. మిట్టీ సఖ్త్ థీ." లేదు మేడం, మట్టి గట్టిగానే ఉంది.

ఆవిడ నా ముఖం చూడలేదు. నా చేతులు చూశారు. తర్వాత లేచి, మోకాళ్ళ మట్టి దులుపుకుని, ప్రొఫెసర్ గారితో హిందీలోనే అన్నారు. "తవ్వినాయన గట్టిగా ఉందంటున్నారు. అయితే నా పొరపాటే కావచ్చు."

నియమం ఆవిడదే. దాన్ని ఆవిడ మీరలేదు. ఆ మధ్యాహ్నం కూడా గోడకు ఎదురుగానే కూర్చుని రొట్టె తిన్నారు. రవళి సీరియల్ మాట ఎత్తలేదు.

మార్చిలో సూరత్‌లో కేసులు మళ్ళీ పెరిగాయి. రాత్రి కర్ఫ్యూ వచ్చింది, కాలేజీలు మూస్తారన్నారు. ట్రెంచ్‌ను తొందరగా పూడ్చేయాల్సి వచ్చింది. తవ్వినదాన్ని పూడ్చే ముందు అడుగున ఆ ఏడాది ముద్ర పడిన నాణెం ఒకటి పెట్టడం ఈ పనిలో ఆచారం. రేపెప్పుడో ఎవరైనా మళ్ళీ తవ్వితే, ఇక్కడిదాకా మనవాళ్ళు ఫలానా ఏడు వచ్చారని తెలుస్తుంది. ఆవిడ పర్వత్ పాటియాలో ఏ దుకాణంలోనో అడిగి కొత్త రెండు రూపాయల బిళ్ళ తెచ్చారు.

"మాస్కు గూడ వేద్దాం మేడం," అంది రవళి.

"వెయ్యి. రేపటోళ్ళు ఇదేందో దేవునికి కట్టిన మొక్కు అనుకుని పుస్తకాలు రాస్తరు."

అందరూ నవ్వారు. తర్వాత ఆవిడ బిళ్ళను నా చేతిలో పెట్టారు.

"మీరే పెట్టుండ్రి సార్. ఏడ పెట్టాల్నో మీకెరుక."

నిచ్చెన మీంచి దిగాను. అడుగంతా శుభ్రంగా చిమ్మి ఉంది. సాధారణంగా నాణెం మధ్యలో పెడతారు. నేను ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళి, పూస దొరికిన చోట, గోడ మొదట్లో పెట్టాను. తలెత్తి చూస్తే ఆవిడ అంచుకు అవతలగా నిలబడి వంగి చూస్తున్నారు. మసక కళ్ళకు ఆ బిళ్ళ కనపడిందో లేదో కానీ, నేను ఎక్కడ వంగానో కనపడింది.

"పెట్టానండి."

"ఆఁ. మంచిది." పక్కకు తిరిగి, "ఇగ పొయ్యుండ్రి మట్టి," అన్నారు.

ఆ రోజు ఇంటికి తేలికగా వెళ్ళాను. ఒప్పుకున్నాననుకున్నాను. అది ఎలాంటి ఒప్పుకోలో తెలియడానికి ఇంకో శీతాకాలం పట్టింది.

మా ఆవిడకు చీర కొనాలని పర్వత్ పాటియా వెళ్ళాం. దుకాణంలో ఆవిడ ఉన్నారు. అదే గొడుగు. బాగా చిక్కారు. కోర్సు ఆ ఏడు మళ్ళీ మొదలైందని నేను విన్నాను, అదే అన్నాను.

"అయిందట. నన్ను పిలవలే."

నేను ముందున్న చీర మడత సర్దాను.

"కండ్లు ఆనుతలేవు, గుంటల దింపుతె పడతది అన్నరట. నిజమే గద సార్, జర మసకనే." నిష్ఠూరం లేదు ఆ గొంతులో. వాన ఎప్పుడు వస్తుందో చెబుతున్నట్టు చెప్పారు. ఇంతలో మా ఆవిడ ఒక చీర ఎంచుకుని ధర అడుగుతోంది. ఆవిడ ఆ కొంగు అందుకుని వేళ్ళ మధ్య ఒక్కసారి లాగారు.

"ఇది తీసుకోకమ్మా. రఫు చేసిన్రు."

దుకాణదారు లేచి నిలబడ్డాడు. కొత్త సరుకు, ఇప్పుడే మూట విప్పాను, కావాలంటే దీపం కింద చూసుకోండి అన్నాడు. దీపం కింద మాకేమీ కనపడలేదు. ఆవిడ మా ఆవిడ బొటనవేలు పట్టుకుని కొంగు మీద పెట్టి జరిపారు. మా ఆవిడ ఆగిపోయింది. "అవునండీ, ఇక్కడ," అంది. దుకాణదారు చీర మడత పెట్టేశాడు.

దారి పొడుగునా మా ఆవిడ ఆ వేలి సంగతే చెప్పింది. నేను వింటూ నడిచాను. నాణెం పెట్టి నేను ఒప్పుకున్నది ఆవిడ ఒక్కరికి, అదీ నోరు తెరవకుండా. అబద్ధం చెప్పింది అందరికీ, హిందీలో. ఆవిడకు కావలసింది నా పశ్చాత్తాపం కాదు. మళ్ళీ ట్రెంచ్‌లో దిగడం. దానికి ప్రొఫెసర్ గారికి ఒక్క ఫోను చాలేది. ఆ ఫోను నేను చేయలేదు. రేపు, ఎల్లుండి అనుకున్నాను. పెద్ద కారణమేమీ లేదు. షోకేసులో పేపరు ముక్క ఇంకా ఉంది.

కంటి ఆపరేషన్ చివరికి అయిందో లేదో నాకు తెలియదు.

ఆవిడ పోయిన కబురు వచ్చిన రోజు గ్రూపులో హిందీలో రాశాను. ఆ రోజు మట్టి మెత్తగా ఉంది, నేను అబద్ధం చెప్పాను, అక్కడ గుంత ఉంది, బెన్ చెప్పిందే నిజం అని. కొందరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. అవి నా మాటకో, ఆవిడ చావుకో తెలియలేదు. రవళి విడిగా వాయిస్ మెసేజ్ పంపింది. ఎప్పుడూ మూడు భాషలు కలిపే పిల్ల, తెలుగులోనే చెప్పింది.

"నాకెరుక అంకుల్. ఆ మట్టి ఎత్తింది నేనే గద. మీరు చెప్తరని చూసిన. చాన లేట్ చేసిన్రు."

ప్రొఫెసర్ గారు మర్నాడు ఫోన్ చేశారు. కోపం లేదు, కాస్త అలసట ఉంది. ఆ పూస మీద ఆయన వ్యాసం అచ్చయింది. "ఇప్పుడు ఇదంతా దేనికి? ఆవిడ లేరు. ట్రెంచ్ పూడ్చేశాం. మీ మాట తప్ప ఆధారం ఏదీ?" అన్నారు.

ఆధారం ఉంది. ట్రెంచ్ పూడిస్తే గోడ ఎక్కడికీ పోదు, మట్టి వెనక నిలబడే ఉంటుంది. చల్లిన నీళ్ళు ఎప్పుడో ఆరిపోయి ఉంటాయి. ఎవరైనా ఎప్పుడైనా దాన్ని మళ్ళీ తెరిస్తే, ఒక మాస్కు తగులుతుంది, దానికి మొక్కవద్దు. ఉత్తరపు గోడ మొదట్లో రెండు రూపాయల బిళ్ళ ఉంటుంది. దానికి సరిగ్గా పైన గోడ మీద బొటనవేలు పెట్టి, కళ్ళు మూసుకుని, కిందికి జరపండి.